క్లోమంలో గడ్డ ఉందన్నారా? సూది పరీక్షల్లో ఏది మేలు.. ఎఫ్‌ఎన్‌ఏనా, ఎఫ్‌ఎన్‌బీనా?

పొట్ట పైభాగంలో నొప్పి.. అది వీపులోకి పాకుతోంది. ఆకలి లేదు. రెండు నెలల్లో బరువు తగ్గిపోయింది. గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకున్నా ఫలితం లేదు. ఈలోపు కళ్లు పచ్చబడ్డాయి. చివరికి సీటీ స్కాన్ తీస్తే క్లోమంలో గడ్డ ఉందని తేలింది. అప్పుడు డాక్టర్ చెప్పే మాట ఒకటే.. "ఎండోస్కోపీ ద్వారా సూది వేసి ముక్క తీయాలి."

సరిగ్గా ఇక్కడే ఇంట్లో చర్చ మొదలవుతుంది. "సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట కదా?" అని ఒకరు. "స్కాన్‌లో కనిపించాక మళ్లీ ఈ టెస్టు ఎందుకు?" అని ఇంకొకరు. "మొన్న చేసిన టెస్టులో ఏమీ లేదని వచ్చింది, మళ్లీ చేయమంటున్నారు, డబ్బుల కోసమేనా?" అని మరొకరు.

ఈ అనుమానాలతోనే చాలామంది వారాలకు వారాలు ఆలస్యం చేస్తుంటారు. క్లోమం విషయంలో ఆ ఆలస్యం ఖరీదైనది. మరి అసలు ఈ సూది పరీక్ష ఏంటి? ఇందులో ఎన్ని రకాలున్నాయి? ఏది ఎప్పుడు మేలు? వివరంగా తెలుసుకుందాం.

స్టీవ్ జాబ్స్‌కు ఆ రోజు ఏం జరిగింది?

యాపిల్ సంస్థ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్‌కు 2003లో స్కాన్ తీస్తే క్లోమంలో గడ్డ కనిపించింది. ఇది దాదాపు నయం కాని రకం క్యాన్సరే అయి ఉంటుందని, మూడు నుంచి ఆరు నెలలకు మించి బతకకపోవచ్చని డాక్టర్లు చెప్పారు. ఆ రోజంతా ఆయన ఆ మాటతోనే గడిపారు. సాయంత్రం గొంతు గుండా ఎండోస్కోప్ పంపి, జీర్ణాశయం దాటించి, క్లోమంలోకి సూది వేసి కొన్ని కణాలు తీశారు. వాటిని మైక్రోస్కోప్ కింద చూస్తే అది అరుదైన రకమని, సర్జరీతో నయం చేసే వీలుందని తేలింది. ఈ సంగతి ఆయనే 2005లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థులకు చెప్పారు.

ఆయనకు వచ్చింది న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్. సాధారణ క్లోమ క్యాన్సర్‌తో పోలిస్తే ఇది చాలావరకు నెమ్మదిగా పెరుగుతుంది. 2004లో సర్జరీ, 2009లో కాలేయ మార్పిడి జరిగాయి. 2011 అక్టోబర్ 5న, 56 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. అంటే గడ్డ కనిపించాక ఎనిమిదేళ్లు.

స్కాన్ చూసి చెప్పిన గడువు కొన్ని నెలలు. సూది చెప్పిన కథ వేరు. గడ్డ ఉందా లేదా అనేది స్కాన్ చెబుతుంది. ఆ గడ్డ ఏ జాతిదో చెప్పేది మాత్రం కణాలే.

క్లోమం ఎక్కడ ఉంటుంది? అంత కష్టం ఎందుకు?

క్లోమం అంటే పాంక్రియాస్. దాదాపు 15 సెంటీమీటర్ల పొడవుండే మెత్తని గ్రంథి. ఆహారాన్ని అరిగించే రసాలను, షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్‌ను తయారు చేస్తుంది. ఇది జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకు ముందు దాక్కుని ఉంటుంది. దీని తల భాగాన్ని చిన్నపేగు మొదటి భాగం చుట్టుకుని ఉంటుంది. తోక భాగం ఎడమవైపు ప్లీహం దాకా వెళ్తుంది. పక్కనే పెద్ద పెద్ద రక్తనాళాలు.

అందుకే చేత్తో నొక్కి చూస్తే గడ్డ తగలదు. మామూలు అల్ట్రాసౌండ్‌లో కూడా పేగుల్లోని గ్యాస్ అడ్డుపడి సరిగా కనిపించకపోవచ్చు. ఈ కారణంగానే చాలా కేసులు ఆలస్యంగా బయటపడతాయి. గుర్తించే సమయానికి నేరుగా సర్జరీ చేయగలిగే స్థితిలో ఉండేది 15 నుంచి 20 శాతం మంది మాత్రమే.

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5.1 లక్షల మందికి క్లోమ క్యాన్సర్ వచ్చినట్టు, దాదాపు 4.67 లక్షల మంది చనిపోయినట్టు అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. కొత్త కేసుల సంఖ్య, మరణాల సంఖ్య ఇంత దగ్గరగా ఉండటమే ఈ జబ్బు తీవ్రతకు గుర్తు.

స్కాన్‌లో కనిపించాక సూది ఎందుకు?

క్లోమంలో వచ్చే క్యాన్సర్లలో 90 శాతం దాకా డక్టల్ అడినోకార్సినోమా రకమే. కానీ క్లోమంలో గడ్డలా కనిపించే ప్రతిదీ అదే కాదు.

న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్, లింఫోమా లాంటివి గడ్డలుగానే కనిపిస్తాయి. వాటి వైద్యం పూర్తిగా వేరు. ఉదాహరణకు లింఫోమాకు సాధారణంగా క్లోమం కోసేయాల్సిన పనే ఉండదు, మందులతోనే వైద్యం చేస్తారు.

అసలు క్యాన్సరే కాని జబ్బులు కూడా ఉన్నాయి. ఆటో ఇమ్యూన్ పాంక్రియాటైటిస్‌లో క్లోమం వాచి అచ్చం గడ్డలా కనిపిస్తుంది, కామెర్లు కూడా వస్తాయి. కానీ చాలామందిలో స్టెరాయిడ్ మందులతో తగ్గిపోతుంది. మద్యం వల్లనో, ఇతర కారణాలతోనో వచ్చే దీర్ఘకాలిక వాపు కూడా గడ్డను పోలి ఉంటుంది. ఇక మన దేశంలో మరో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. అది టీబీ. అరుదే అయినా క్లోమానికి, దాని పక్కనున్న లింఫ్ గ్రంథులకు టీబీ వస్తే స్కాన్‌లో క్యాన్సర్ లాగే కనిపించవచ్చు. ఆ మనిషికి కావాల్సింది కీమో కాదు, టీబీ మందుల కోర్సు.

రక్తంలో సీఏ 19-9 అనే పరీక్ష చేస్తారు కదా, అది చాలదా అని అడిగేవారుంటారు. చాలదు. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినా అది పెరుగుతుంది. మరోవైపు కొందరి శరీరంలో ఈ పదార్థం పుట్టుకతోనే తయారవదు. వాళ్లకు క్యాన్సర్ ఉన్నా రిపోర్టు నార్మల్‌గా వస్తుంది.

మరి అందరికీ తప్పనిసరా?

కాదు. స్కాన్‌లో క్లోమ క్యాన్సర్ లక్షణాలు స్పష్టంగా ఉండి, గడ్డను పూర్తిగా తీసేసే వీలుంటే బయాప్సీ లేకుండానే నేరుగా సర్జరీకి వెళ్లొచ్చు. తీసిన గడ్డనే తర్వాత ల్యాబ్‌లో పరీక్షిస్తారు.

కానీ ముందు కీమోథెరపీ ఇవ్వాలంటే మాత్రం కణాల రుజువు కావాలి. సర్జరీకి వీలుకాని స్థితి, రక్తనాళాలకు గడ్డ అంటుకుని ఉన్న స్థితి, స్కాన్‌లో అనుమానాస్పదంగా ఉన్న స్థితి.. వీటన్నింటిలో సూది పరీక్ష తప్పదు. కీమో మందులు మామూలు మందులు కావు. రుజువు లేకుండా అవి ఎక్కించడం సరైన పద్ధతి కాదు.

పొట్ట మీద నుంచా? లోపలి నుంచా?

అల్ట్రాసౌండ్ సాయంతో సూది వేసే దారులు రెండు.

మొదటిది పొట్ట చర్మం మీద నుంచి. పైన అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి, లేదా సీటీ స్కాన్ చూస్తూ, బయటి నుంచే పొడవాటి సూది వేస్తారు. మత్తు అంతగా అక్కర్లేదు. ఎండోస్కోపీ సదుపాయం లేని చోట ఇది ఉపయోగపడుతుంది. కాలేయంలో కూడా మచ్చలు కనిపిస్తే చాలాసార్లు కాలేయం నుంచే ఇలా ముక్క తీస్తారు. దాంతో క్యాన్సర్ రకం, అది లివర్‌కు పాకిందన్న విషయం రెండూ ఒకేసారి తేలిపోతాయి.

రెండోది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. దీన్నే ఈయూఎస్ అంటారు. ఎండోస్కోప్ గొట్టం చివర చిన్న అల్ట్రాసౌండ్ పరికరం ఉంటుంది. గొంతు గుండా జీర్ణాశయంలోకి, అక్కడి నుంచి చిన్నపేగు మొదటి భాగంలోకి పంపిస్తారు. అక్కడి నుంచి క్లోమం గోడకు ఆనుకున్నంత దగ్గర. మధ్యలో గ్యాస్ అడ్డు ఉండదు. సీటీలో అంతగా తెలియని చిన్న గడ్డలు కూడా కనిపిస్తాయి. సూది ఎక్కడికి వెళ్తోందో డాక్టర్ స్క్రీన్ మీద చూస్తూనే వేస్తారు. దారిలో రక్తనాళం ఉంటే తప్పించుకుంటూ వెళ్లొచ్చు.

గడ్డ క్లోమం తల భాగంలో ఉంటే చిన్నపేగు నుంచి, నడుమ, తోక భాగాల్లో ఉంటే జీర్ణాశయం నుంచి సూది వేస్తారు. డెన్మార్క్‌కు చెందిన పీటర్ విల్మన్ బృందం 1992లో ఈ పద్ధతిలో క్లోమం నుంచి కణాలు తీసిన అనుభవాన్ని ప్రచురించింది. మూడు దశాబ్దాల్లో ఇదే ప్రధాన పద్ధతిగా మారింది. ఎండోస్కోపీకి పేరున్న హైదరాబాద్‌తో పాటు ఇతర పెద్ద నగరాల్లోని గ్యాస్ట్రో ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఇప్పుడు అందుబాటులో ఉంది.

ఎఫ్‌ఎన్‌ఏ అంటే ఏంటి?

ఇక అసలు పోలికకు వద్దాం. ఈయూఎస్‌లో వాడే సూదులు ప్రధానంగా రెండు రకాలు.

ఎఫ్‌ఎన్‌ఏ అంటే ఫైన్ నీడిల్ యాస్పిరేషన్. సన్నని బోలు సూదిని గడ్డలోకి పంపి, ముందుకూ వెనక్కీ కదుపుతూ కణాలను లోపలికి లాగుతారు. వాటిని గాజు పలక మీద పూతలా పరిచి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఇక్కడ కనిపించేవి చాలావరకు విడివిడి కణాలు, చిన్న చిన్న గుంపులు.

దీనికి మంచి చరిత్రే ఉంది. 33 అధ్యయనాలను కలిపి 2012లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, క్యాన్సర్ ఉన్నవారిలో దాన్ని పట్టుకోగలిగిన సామర్థ్యం 85 శాతం. లేనివారిలో లేదని సరిగ్గా చెప్పింది 98 శాతం. అంటే ఇది "ఉంది" అని చెబితే దాదాపు నమ్మొచ్చు. "లేదు" అని చెబితే మాత్రం వెంటనే ఊపిరి పీల్చుకోవడానికి లేదు.

ఎఫ్‌ఎన్‌బీ ఎలా వేరు?

ఎఫ్‌ఎన్‌బీ అంటే ఫైన్ నీడిల్ బయాప్సీ. బయటి నుంచి చూస్తే సూది అలాగే ఉంటుంది. తేడా అంతా మొనలోనే. కణాలను పీల్చుకోవడమే కాదు, కణజాలాన్ని కోసి చిన్న పోగులా బయటకు తెచ్చేలా దీన్ని తయారు చేస్తారు.

పుచ్చకాయ కొనేటప్పుడు వ్యాపారి కాయకు గాటు పెట్టి చిన్న ముక్క తీసి చూపిస్తాడు కదా. తొక్క మందం ఎంత, ఎరుపు ఎక్కడిదాకా ఉంది, గింజలు ఎలా ఉన్నాయి.. అన్నీ ఆ ముక్కలో వరుసగా కనిపిస్తాయి. ఎఫ్‌ఎన్‌బీ ముక్క అలాంటిది. ఎఫ్‌ఎన్‌ఏ అంటే కాయలోంచి రెండు చుక్కల రసం తీసి రుచి చూడటం లాంటిది. తీపి తెలుస్తుంది. లోపలి అమరిక తెలియదు.

ఆ అమరికే కొన్ని జబ్బుల్లో కీలకం. ఆటో ఇమ్యూన్ పాంక్రియాటైటిస్‌ను, లింఫోమాను విడివిడి కణాలతో తేల్చడం కష్టం. న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్ ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పే కేఐ-67 పరీక్షకు కూడా ముక్క ఉంటే మేలు.

ఎఫ్‌ఎన్‌బీ సూదుల్లోనూ తరాలున్నాయి. మొదట్లో వచ్చిన ట్రూకట్ సూది బిరుసుగా ఉండేది. ఎండోస్కోప్ వంపు తిరిగే చిన్నపేగు దగ్గర, అంటే క్లోమం తల గడ్డలకు, దాన్ని వాడటం ఇబ్బందయ్యేది. తర్వాత పక్కన గంటు ఉన్న రివర్స్ బెవెల్ సూది వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. కిరీటంలా మూడు మొనలున్న ఫ్రాన్సీన్ సూది, ఫోర్క్‌లా చీలిన ఫోర్క్ టిప్ సూది. ఈ రెండూ మొనతోనే కోస్తాయి.

పోటీలో గెలిచింది ఏది?

16 క్లినికల్ ట్రయల్స్‌ను, అంటే 1,934 మంది రోగుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2022లో వచ్చింది. అందులో ఫ్రాన్సీన్, ఫోర్క్ టిప్ సూదులే, ముఖ్యంగా 22 గేజ్ సైజువి, ముందు నిలిచాయి. ఈ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

యూరప్‌లోని జీర్ణకోశ ఎండోస్కోపీ నిపుణుల సంఘం తీరు కూడా మారింది. 2017లో ఆ సంఘం మామూలు గడ్డల నిర్ధారణకు రెండు రకాల సూదులూ సమానమేనంది. 2025 మార్గదర్శకాల్లో మాత్రం క్లోమంలోని గట్టి గడ్డలకు మొనతో కోసే ఎఫ్‌ఎన్‌బీ సూదులే మేలని చెప్పింది. పరీక్ష గదిలోనే కణాలను చూసే నిపుణుడు ఉన్నచోట ఎఫ్‌ఎన్‌ఏకు ఇంకా పాత్ర ఉందని పేర్కొంది.

అంటే ఎఫ్‌ఎన్‌ఏ పనికిరాదని కాదు. అనుభవమున్న డాక్టర్, మంచి సైటాలజిస్ట్ ఉంటే అదీ సరైన జవాబే ఇస్తుంది. కానీ తక్కువసార్లు గుచ్చి ఎక్కువ కణజాలం తీయడంలో ఎఫ్‌ఎన్‌బీది పైచేయి. కొత్త సూదుల ధర మాత్రం సాధారణంగా ఎక్కువ. అందుకే "ఒక్కసారి చేసి తేల్చుకోవడమా, తేలక మళ్లీ చేయించుకోవడమా" అనే లెక్క కూడా చూడాలి.

లావు సూదైతే మంచిదా?

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 19 గేజ్ సూది మందం సుమారు 1.1 మిల్లీమీటర్లు. 22 గేజ్ దాదాపు 0.7, 25 గేజ్ దాదాపు 0.5 మిల్లీమీటర్లు.

లావు సూదితో ముక్క పెద్దగా వస్తుంది, నిజమే. కానీ 19 గేజ్ బిరుసుగా ఉండి, ఎండోస్కోప్ వంగిన చోట సరిగా కదలదు. 25 గేజ్ సులువుగా వంగుతుంది, క్లోమం తల, దాని కింది కొక్కెం భాగాల్లోని గడ్డలకు అనువు. కానీ ముక్క చిన్నది. అందుకే చాలామంది డాక్టర్లు మధ్యస్థంగా ఉండే 22 గేజ్ ఎంచుకుంటారు.

సూది ఒక్కటే కాదు.. చెయ్యి కూడా ముఖ్యం

అదే సూది ఇద్దరి చేతుల్లో రెండు ఫలితాలు ఇవ్వొచ్చు. ఎందుకంటే క్లోమ క్యాన్సర్ గడ్డలో క్యాన్సర్ కణాలే నిండి ఉండవు. ఎక్కువ భాగం మచ్చకట్టిన గట్టి నార కణజాలం ఉంటుంది. దాని మధ్య క్యాన్సర్ కణాలు అక్కడక్కడా ఉంటాయి. కొన్ని గడ్డల నడిమి భాగం చచ్చుబడి ఉంటుంది. ఒకే చోట పదిసార్లు గుచ్చితే నార తప్ప ఏమీ రాకపోవచ్చు.

మార్కెట్ యార్డులో ధాన్యం బస్తాకు ఒక్క మూలే గొట్టం గుచ్చి నాణ్యత తేల్చరు కదా. ఇక్కడా అంతే. సూదిని గడ్డలోపలే విసనకర్ర ఆకారంలో దిశ మారుస్తూ కదుపుతారు. దీన్ని ఫ్యానింగ్ అంటారు. దీంతో గడ్డ అంచులు, మధ్య భాగం అన్నీ తగులుతాయి.

కణాలను లాగడానికి కూడా పద్ధతులున్నాయి. సిరంజితో గాలి లాగి పీల్చడం ఒకటి. సూది లోపలి సన్నని తీగను మెల్లగా వెనక్కి లాగుతూ, ఆ కొద్దిపాటి లాగుడుతోనే ముక్క తీసే స్లో పుల్ ఇంకొకటి. ముందే సూదిలో సెలైన్ నింపి పీల్చే వెట్ సక్షన్ మరొకటి. గట్టిగా పీల్చితే ఎక్కువ కణజాలం వస్తుంది కానీ రక్తం కూడా కలుస్తుంది. స్లో పుల్‌లో రక్తం తక్కువ. అన్ని గడ్డలకూ ఒకటే పద్ధతి అన్న నియమం లేదు. గడ్డ స్వభావాన్ని బట్టి డాక్టర్ మారుస్తుంటారు.

ఎన్నిసార్లు గుచ్చాలి? పక్కన కణాలు చూసే నిపుణుడు లేకపోతే ఎఫ్‌ఎన్‌ఏ అయితే మూడు నుంచి నాలుగు సార్లు, ఎఫ్‌ఎన్‌బీ అయితే రెండు నుంచి మూడు సార్లు సరిపోతాయని 2017 యూరప్ మార్గదర్శకాలు చెప్పాయి.

గదిలోనే మైక్రోస్కోప్.. అది ఉండాల్సిందేనా?

కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో సైటాలజీ నిపుణుడు పరీక్ష గదిలోనే మైక్రోస్కోప్‌తో కూర్చుంటారు. తీసిన కణాలకు అప్పటికప్పుడు రంగు వేసి, సరిపోయాయో లేదో చెబుతారు. చాలకపోతే వెంటనే మళ్లీ తీస్తారు. దీన్ని రోజ్ అంటారు. ఎఫ్‌ఎన్‌ఏకు ఇది గొప్ప అండ.

కానీ ప్రతి ఆసుపత్రిలో ఈ సదుపాయం దొరకదు. మరి లేకపోతే నష్టమా? 800 మంది రోగులతో జరిగి 2021లో ప్రచురితమైన ఒక ట్రయల్ ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. కొత్త ఎఫ్‌ఎన్‌బీ సూదులతో చేసినప్పుడు, గదిలో నిపుణుడు ఉంటే కచ్చితత్వం 96.4 శాతం. లేకపోతే 97.4 శాతం. అంటే తేడా లేనట్టే. సైటాలజిస్ట్ అందుబాటులో లేని మన జిల్లా కేంద్రాల లాంటి చోట్లకు ఇది పెద్ద ఊరట.

అలాంటి చోట డాక్టరే తీసిన ముక్కను కంటితో పరిశీలిస్తారు. ఎర్రటి రక్తం మధ్య తెల్లటి దారప్పోగు లాంటిది కనిపిస్తే పని అయినట్టే.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందా?

అందరి భయం ఇదే. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు అంటుకోవడం అసలు జరగదని ఎవరూ అనరు. కానీ అది చాలా అరుదు. జపాన్‌లో 12 వేలకు పైగా రోగుల వివరాలతో జరిగిన దేశవ్యాప్త సర్వేలో ఇలా జరిగింది దాదాపు 0.33 శాతం మందిలో. అంటే వెయ్యి మందిలో ముగ్గురు, నలుగురు.

దారి కూడా ముఖ్యమే. 2003లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, పొట్ట మీద నుంచి సూది వేసిన 43 మందిలో ఏడుగురికి ఆ తర్వాత పొట్ట లోపలి పొరకు క్యాన్సర్ పాకింది. ఈయూఎస్ చేసిన 46 మందిలో ఒక్కరికే అలా జరిగింది. సర్జరీకి అవకాశమున్న వారికి ఈయూఎస్‌నే ఎంచుకోవడానికి ఇదొక కారణం.

ఇంకో విషయం. గడ్డ తల భాగంలో ఉంటే సూది దారి చిన్నపేగు గుండా ఉంటుంది. విపుల్ సర్జరీలో ఆ పేగు ముక్కను కూడా తీసేస్తారు కాబట్టి ఆ దారి కూడా పోతుంది. నడుమ, తోక భాగాల్లో అయితే సూది జీర్ణాశయం గోడ గుండా వెళ్తుంది, ఆ గోడ అలాగే ఉండిపోతుంది. అందుకే తోక భాగంలో తీసేయదగ్గ గడ్డ ఉంటే, సూది నిజంగా అవసరమా అని సర్జన్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఇతర ప్రమాదాల సంగతి చూస్తే.. 10,941 మందిని కలిపి చూసిన ఒక విశ్లేషణలో ఈయూఎస్ సూది పరీక్ష తర్వాత ఇబ్బందులు వచ్చింది 0.98 శాతం మందిలో. అంటే వందలో ఒకరు. క్లోమం వాపు, నొప్పి, రక్తస్రావం, జ్వరం లాంటివి. ఎఫ్‌ఎన్‌బీలో ముక్క కోస్తున్నా, ట్రయల్స్‌లో దాని ప్రమాదం ఎఫ్‌ఎన్‌ఏ కన్నా ఎక్కువగా కనిపించలేదు.

రిపోర్టులో "నెగెటివ్" అంటే బయటపడ్డట్టేనా?

ఇది తప్పక గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. నెగెటివ్ అంటే "ఈ ముక్కలో క్యాన్సర్ కణాలు కనిపించలేదు" అని. "గడ్డలో క్యాన్సర్ లేదు" అని కాదు.

రిపోర్టులో సాధారణంగా కనిపించే మాటలివి.

నాన్ డయాగ్నస్టిక్: తీసిన కణాలు చాలలేదు. పరీక్ష తేలలేదు, మళ్లీ చేయాలి.

అటిపికల్: కణాల్లో తేడా ఉంది, కానీ క్యాన్సర్ అని చెప్పలేం.

సస్పీషియస్: క్యాన్సర్ అనుమానం బలంగా ఉంది.

మాలిగ్నెంట్: క్యాన్సర్ నిర్ధారణ అయింది.

స్కాన్ ఒకటి చెప్పి, సూది మరొకటి చెబితే డాక్టర్ మళ్లీ పరీక్ష చేయమనడం తప్పు కాదు, బాధ్యత. "ఏమీ లేదని వచ్చింది కదా" అని ఇంటికెళ్లిపోయి, ఆరు నెలల తర్వాత కామెర్లతో తిరిగి వస్తే అప్పటికి సర్జరీ అవకాశం చేజారిపోవచ్చు.

ముక్క పెద్దదైతే ఇంకో లాభం

ఇప్పుడు క్యాన్సర్ ఉందా లేదా అన్నదానితో కథ ముగియడం లేదు. గడ్డలోని జన్యు మార్పులు కూడా చూస్తున్నారు. క్లోమ క్యాన్సర్లలో 90 శాతం దాకా కేఆర్ఏఎస్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. అరుదైన కొన్ని మార్పులకు ప్రత్యేకమైన మందులున్నాయి. ఈ పరీక్షలకు సరిపడా కణజాలం కావాలి. ఎఫ్‌ఎన్‌బీ ముక్క ఇక్కడ కూడా అక్కరకొస్తుంది.

పుట్టుకతో వచ్చే బీఆర్‌సీఏ మార్పు మాత్రం రక్త పరీక్షతోనే తెలుస్తుంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు కారణమయ్యే జన్యువే ఇది. ఈ మార్పు ఉండి, క్యాన్సర్ ఇతర భాగాలకు పాకి, ప్లాటినం కీమోతో అదుపులో ఉన్నవారికి ఓలాపరిబ్ మాత్రలు ఇవ్వడానికి 2019 డిసెంబర్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఈ రక్త పరీక్ష రోగికే కాదు, తోబుట్టువులకు, పిల్లలకు కూడా ముందు జాగ్రత్తకు పనికొస్తుంది.

ఒక మాట. ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా గట్టి గడ్డల గురించే. క్లోమంలో నీటి తిత్తులు ఉంటే లెక్క వేరు. అక్కడ లోపలి ద్రవాన్ని తీసి పరీక్షిస్తారు.

పరీక్షకు ముందు, తర్వాత

పరీక్షకు ముందు సాధారణంగా ఆరు గంటలు ఏమీ తినకూడదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఆ రోజు ఎలా వాడాలో ముందే అడగాలి.

రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పాలి. గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలను సొంతంగా మానేయొద్దు. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో గుండె డాక్టర్, గ్యాస్ట్రో డాక్టర్ మాట్లాడుకుని చెబుతారు. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్షలు ముందే చేస్తారు.

మత్తు ఇస్తారు కాబట్టి నొప్పి తెలియదు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. తోడుగా ఒకరు ఉండాలి. ఆ రోజు బండి నడపకూడదు. గొంతు కాస్త గరగరగా ఉండటం మామూలే. కానీ తీవ్రమైన కడుపు నొప్పి, జ్వరం, ఆగని వాంతులు, నల్లటి విరేచనం, రక్తపు వాంతి.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టర్‌ను ఏం అడగాలి?

మా కేసులో బయాప్సీ అవసరమేనా, నేరుగా సర్జరీకి వీలుందా?

ఎఫ్‌ఎన్‌ఏ చేస్తారా, ఎఫ్‌ఎన్‌బీనా? ఎందుకు?

గదిలో కణాలు చూసే నిపుణుడు ఉంటారా?

కామెర్లకు స్టెంట్ కూడా వేయాలా? రెండూ ఒకేసారి కుదురుతాయా?

ముక్క జన్యు పరీక్షలకు సరిపోతుందా?

రిపోర్టు తేలకపోతే తర్వాత ఏం చేస్తారు?

ఖర్చు సంగతి కూడా మొహమాటం లేకుండా ముందే అడగాలి. సూది ధర ప్యాకేజీలో ఉందా, విడిగా వేస్తారా కనుక్కోండి. ఆరోగ్యశ్రీ ఆసుపత్రి అయితే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి ఈ పరీక్ష పథకంలోకి వస్తుందో లేదో తెలుసుకోండి.

చివరగా.. స్లైడ్లను, బయాప్సీ ముక్క భద్రపరిచిన మైనపు బ్లాక్‌ను ల్యాబ్ నుంచి అడిగి తీసుకోవచ్చు. మరో ఆసుపత్రిలో సెకండ్ ఒపీనియన్ కావాలంటే వాటినే చూపిస్తే సరిపోతుంది, మళ్లీ సూది వేయించుకోవాల్సిన అవసరం చాలాసార్లు రాదు. సూదికి భయపడి వాయిదా వేయడం కన్నా, సరైన సూదితో ఒకేసారి తేల్చుకుని వైద్యం మొదలుపెట్టడమే మేలు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ ఆరోగ్య పరిస్థితిని బట్టి ఏ పరీక్ష అవసరమో మీ డాక్టరే నిర్ణయిస్తారు.